సాయన్న వెనక నిలబెట్టిన బంగళా

మొన్న మా అమ్మాయి చుడీదారు అంచు ఊడిపోయిందంటే కుట్టిపెడదామని కూర్చున్నాను. కళ్లజోడు పెట్టుకున్నా సూదిలోకి దారం ఎక్కదు. విసుగొచ్చి నల్లదారం కొసను నాలుక మీద పెట్టి తడిపాను. చేదు. చవక దారం కాబోలు, రంగు నోట్లోకి దిగింది. ఆ చేదు నాకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో పొద్దున్నించి సాయంత్రం దాకా అది నా నాలుక మీదే ఉండేది. ఫోటోల మీద రంగు దిద్దేవాళ్లం కుంచె మొన సన్నబడాలని మాటిమాటికీ నాలుకతో తడుపుకునేవాళ్లం. దీపాలు పెట్టే వేళకు నాలుక నల్లగా అయిపోయేది. ఆ చేదు తగలగానే సూదీ దారం పక్కన పడేసి ఊరికే కూర్చుండిపోయాను. అమ్మాయి వచ్చి, "ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" అంది. ఏడవలేదు. కరుణమ్మ టీచర్ గుర్తొచ్చారు, అంతే.

ఆవిణ్ని ఎరిగినవాళ్లు ఇప్పుడు మాదాపూర్‌లో పదిమందైనా ఉండరు. ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పొగడ్తలు రాస్తానని మాత్రం అనుకోకండి. ఆవిడ మంచితనం గురించి చెప్పాలంటే నేను చేసిన పాడుపని గురించి చెప్పాలి. ఆ రెండూ విడదీయరానివి.

తొంభై ఎనిమిది ప్రాంతం. హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజులు. మా ఆయనకు అక్కడ వైరింగ్ పని దొరికిందని తెనాలి నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. చుట్టూ బండరాళ్లు, దుమ్ము, మధ్యాహ్నం రెండింటికి రాళ్లు పేల్చే చప్పుడు. ఆ చప్పుడుకు గిన్నెలు కదిలేవి. మా నాన్న దగ్గర నేర్చుకున్న టచింగు పని, అంటే ఫోటోలు దిద్దే పని, చేతిలో ఉంది గనక, రోడ్డు మీద గౌస్ భాయ్ స్టూడియోలో చేరాను. అక్కడ నా పనంతా పోయినవాళ్లతోనే. కూలినాలి చేసుకునే ఇళ్లల్లో మనిషి పోయాక చూస్తే, ఆ మనిషిది ఫోటో ఒక్కటే ఉంటుంది. అదీ గుంపులో. ఆ ఒక్కటీ తెచ్చి, "మా ఆయన్ని పెద్దగ చెయ్యి" అంటారు. నేను ఆ మనిషిని బ్లేడుతో కోసి, రంగుతెర బొమ్మ ఉన్న అట్ట మీద అతికించేదాన్ని. బనీను మీద కోటు దిద్దేదాన్ని. తలపాగా చెరిపి పాపిడి తీసేదాన్ని. గౌస్ భాయ్ దాన్ని మళ్లీ కెమెరాతో కాపీ తీసి పెద్దది చేసేవాడు. దండ వేసి గోడకు తగిలించుకునేవాళ్లు. బతికినన్నాళ్లూ గుడిసెలో ఉన్నవాడు, పోయాక బంగళా ముందు నిలబడేవాడు. అట్లా కావాలని అడిగేది వాళ్లే. "వెనక గుడిసె కనవడొద్దు, జర మంచిగ బంగ్లా పెట్టు బిడ్డా" అనేవాళ్లు. నేనూ మురిసిపోయేదాన్ని, పుణ్యం చేస్తున్నాననుకుని.

కరుణమ్మ టీచర్ మొదటిసారి స్టూడియోకు వచ్చింది పెద్దది చేయించుకోవడానికి కాదు. సర్కారు బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మెదక్ వైపు క్రైస్తవుల కుటుంబం, మాదాపూర్ పాత ఊళ్లో సొంత ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, చేతిసంచి, అరిగిన చెప్పులు. సంచీలోంచి వార్తాపత్రికలో చుట్టిన ఫోటో తీసి, "నీ భూతద్దం ఒకసారి ఇస్తవా బిడ్డా?" అని అడిగారు. ఇచ్చాను. ఒక పెళ్లిజంట ఫోటో అది. ఆవిడ పెళ్లికూతురి వంక కూడా చూడలేదు. ఎక్కడో మూల మీద అద్దం పెట్టి, "ఇగో, దొరికింది. చేదబావి" అన్నారు.

"పెళ్లి ఫోటోలో బావి చూస్తారేంటండీ?" అని నవ్వాను.

"ముఖం అందరు చూస్తరు. వెనకేమున్నదో ఎవలు చూస్తరు? ముఖం పోతె జ్ఞాపకమన్న ఉంటది. వెనకున్నది పోతె, అసలది ఉన్నదని ఎవలు జెప్తరు?" అన్నారు. తర్వాత నా నోటి వంక చూసి, "నీ నాలుకేంది గట్ల నల్లగున్నది? నల్లనాలుకదానివి, ఏదంటె అదే అయితది. జాగ్రత్తగ మాట్లాడు" అని వెక్కిరించారు. ఆ రోజు నుంచి ఆవిడకు నేను నల్లనాలుక పిల్లనే.

ఆవిడ ఇంట్లో ఒక ఇనప ట్రంకు పెట్టె ఉండేది. అందులో ఊరి ఫోటోలు, శుభలేఖలు, పోస్టుకార్డులు, బడి హాజరుపట్టీ చింపులు, గోడల మీంచి ఊడదీసిన కరపత్రాలు. ఎవరింట్లోనైనా పాత కాగితం పారేస్తున్నారంటే ఆవిడ అక్కడ ప్రత్యక్షం. ఊరు పోతోంది గనక కాగితమన్నా మిగలాలని ఆవిడ పట్టుదల. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఫోటో చేతికి రాగానే ఆవిడ మొదటి ప్రశ్న "ఎవరు?" కాదు, "ఎక్కడ నిలబడ్డరు?" అని. వాళ్లు చెప్పింది వెనక పెన్సిలుతో రాసేవారు. పెన్నుతో రాస్తే ఇటు పక్కకు దిగుతుందని నాకు నేర్పింది ఆవిడే. ఫోటోను వేళ్లతో కాదు, అంచులు పట్టుకుని ఎత్తాలనీ ఆవిడే నేర్పారు. నా సొంత పని నాకు నేర్పారంటే నమ్మండి. ఒకసారి నేను తొందరపడి, "ఇదేదో బండరాయి కదండీ, ఏ రాయైతే ఏంటి?" అన్నాను. ఆవిడ సంచి కింద పెట్టేసి, "మీ తెనాలిల కాలువలన్ని ఒక్కటేనా?" అన్నారు.

ఆవిడ అన్నింటికన్నా ఎక్కువ తిరిగింది జోడుగుండ్ల బస్తీలో. ఊరి బయట ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు పెద్ద గుండ్లు, వాటి చుట్టూ రాళ్లు కొట్టేవాళ్ల నలభై గుడిసెలు. వాళ్ల పిల్లలకు సాయంత్రం పూట ఆ గుండ్ల నీడన బడి పెట్టింది ఆవిడే. మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఈ గుండ్లను ఎక్కడో చూశానే అనిపించింది. మాదాపూర్ చుట్టూ ఎటు చూసినా గుండ్లే కదా అని సర్దుకున్నాను.

అప్పుడే ఆ నోటీసు వచ్చింది. రోడ్డు అటునుంచే పోతుందట, గుడిసెలు తీసెయ్యాలట. పదేళ్ల కిందటి నుంచీ అక్కడే ఉన్నట్టు రుజువు చూపించినవాళ్లకు వేరే చోట ఇంటిస్థలం ఇస్తారట. చూపించలేకపోతే బిచాణా ఎత్తుకుని పోవడమే. గడువు నెల. బస్తీవాళ్లంతా టీచరమ్మ ఇంటికి పరిగెత్తారు. వాళ్లకు ఆవిడ ట్రంకు పెట్టె మీద దేవుడి మీదున్నంత నమ్మకం.

ఆ నెల రోజులూ సాయంత్రాలు నేను ఆవిడ పక్కనే ఉన్నాను. పెట్టెలోవి నేల మీద పరిచి ఒక్కొక్కటే చూసేవాళ్లం. పోస్టుకార్డులు కట్టలు కట్టలు ఉన్నాయి, తేదీ ముద్రలతో సహా. ఒక్కటీ పనికిరాలేదు. పోస్టుమాన్ గుండ్ల దాకా నడవడని, బస్తీవాళ్లందరి ఉత్తరాలూ తన ఇంటి చిరునామాకే రమ్మని చెప్పింది ఆవిడే. చదివిపెట్టేదీ ఆవిడే. ఆ కార్డులన్నీ కరుణమ్మ టీచర్ మాదాపూర్‌లో ఉన్నట్టు రుజువు చేస్తున్నాయి. ఆవిడ ఇంటికి రుజువు ఎవరూ అడగలేదు. ఇక ఫోటోలు. జాతరలో తీయించుకున్నవి, వెనక తెర. పెళ్లిలో తీయించుకున్నవి, వెనక షామియానా. గోడల మీద దండలు వేసి ఉన్నవి చాలావరకు నా చేతిపనే. అందరూ బంగళాల ముందు, పూలతోటల ముందు, కోట్లు వేసుకుని.

ఒకరోజు చాయ్ తాగుతూ టీచరమ్మ గ్లాసు దించారు. "ఒక్క ఫోటో ఉన్నది బిడ్డా. బడి పెట్టిన దినం తీయించిన, పదేండ్లు దాటింది. సికింద్రాబాద్ నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిచిన. వెనక జోడుగుండ్లు, గుడిసెలు, ముందట పిల్లలు. పక్కకు సాయన్న పలక వట్టుకొని నిలబడ్డడు. జోడుగుండ్ల బడి అని, తారీఖు ఏసి, పలక మీద నేనే రాసిన. నా కాపీ చెదలు తిన్నది. ఇంకోటి సాయన్నకే ఇచ్చిన, నేల సాపు జేసింది ఆయనే గద. సాయన్న పోయిండు గని ఆయన పెండ్లాం ఎల్లమ్మ తాన ఉంటది. అది దొరికితె నలభై ఇండ్లు బతుకుతయి."

పలక. స్టూడియోలో చేరిన మొదటి నెల, ఆవిణ్ని ఎరగకముందు, ఒక ముసలామె తెచ్చింది ఆ ఫోటో. పలక పట్టుకున్న మనిషిని కోసింది నేను. ఛాతీ మీది పలక మీద కోటు దిద్దింది నేను. మిగతా ముక్కల్ని ఊడ్చి చెత్తలో పోసింది నేను.

చెప్పాలి కదా! "దొరుకుతుందిలెండి టీచర్" అన్నాను, సిగ్గులేకుండా. ఆవిడ నవ్వి, "నల్లనాలుకతోని అన్నవ్, అయితె దొరుకుతది" అన్నారు. ఎల్లమ్మ నానక్‌రామ్‌గూడలో చెల్లెలింటికి పోయిందని, వారం దాకా రాదని తెలిసింది. ఆ వారమంతా రోజూ వెళ్లాను. రోజూ ఆవిడ పోసిన చాయ్ తాగాను. ఆవిడేమో పరేషాన్ పడుతున్నవాళ్లందరికీ "ఫికర్ జెయ్యకుండ్రి, ఫోటో ఉన్నది" అని చెబుతూ ఉంటే, పక్కనే కూర్చుని తల ఊపాను. ఆ వారాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం పుడుతుంది.

ఎల్లమ్మ వచ్చింది, చంకలో ఫ్రేము పెట్టుకుని. గుడిసె కురుస్తుందని చెల్లెలింట్లో దాచుకున్నదాన్ని పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది. విప్పి ఎంతో గర్వంగా, "చూడుండ్రి టీచరమ్మా, ఎంత మంచిగ జేయించిన!" అంది. నీలం కోటు, మెడకు టై, వెనక మెట్లున్న బంగళా, నీళ్లు చిమ్మే ఫౌంటెన్. టీచరమ్మ ఆ ఫ్రేము పట్టుకుని ఎంతసేపు చూశారో చెప్పలేను. ఎల్లమ్మ ముఖంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది. "ఏమైంది టీచరమ్మా? తప్పు జేసిన్నా?" అంది.

"నువ్వేం తప్పు జెయ్యలే ఎల్లవ్వా" అన్నారావిడ.

"నేనేనండీ చేసింది" అన్నాను. "నేనే కోశాను. మీరు పలక అన్నప్పుడే తెలిసింది నాకు."

ఆవిడ నా వైపు తిరిగారు. కోపం వస్తే బాగుండేది, తిడితే ఇంకా బాగుండేది. "వారం దినాలు నా పక్కకు కూసొని చాయ్ తాగినవ్ గద బిడ్డా" అన్నారు. అంతే అన్నారు.

స్టూడియోకు పరిగెత్తి, నేను అతికించిన అట్టను పాత కవర్లలో వెతికి తెచ్చాను. "కోటు కింద పలక ఉండాలె గద. కడుగు" అన్నారు టీచరమ్మ. తడిదూదితో కోటును మెల్లగా తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తున్నంతసేపూ నాకు తెలుసు, అయినా తుడిచాను. సుద్దరాత తెల్లగా ఉంటుంది, పైన ఎంత రంగు పూసినా మెరుస్తుంది. అందుకని కోటు వేయకముందే ఆ అక్షరాల్ని బ్లేడుతో గీకేశాను. మా పనిలో అది మామూలు. నాన్న నేర్పిన శ్రద్ధ. కోటు పోయాక సాయన్న ఛాతీ మీద వట్టి తెల్లకాగితం పొర మిగిలింది. మర్నాడు సికింద్రాబాద్ కూడా వెళ్లాం. ఆ ఫోటోగ్రాఫర్ ఎప్పుడో పోయాడు. కొడుకు జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. "నెగెటివ్‌లా? నాయిన పోయిన సంవత్సరమే పారేసినం అమ్మా" అన్నాడు.

తిరిగొచ్చాక టీచరమ్మ బల్ల మీద డ్రాయింగ్ కాగితం పరిచి, పెన్సిలు నా చేతిలో పెట్టారు. "కోసేటప్పుడు చూసినవ్ గద. వెనకేముండెనో గీయి." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కానీ గీశాను. ఎట్లా వచ్చిందో తెలియదు, చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఎల్లమ్మ పక్కకు వచ్చి వంగి చూసింది. కాగితం మీద వేలు పెట్టి, "గిదే మా తలుపు. గిదో, కోళ్లగంప. పైన సైకిల్ టైరు సుత ఏసిందే!" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. టీచరమ్మ ఆ కాగితం కింద బస్తీ పేరు, తారీఖు రాశారు.

గడువు చివరి రోజున ఎల్లమ్మను వెంటపెట్టుకుని, నోటీసు ఇచ్చిన ఆఫీసుకు వెళ్లాం. లైన్లో నాలుగు గంటలు నిలబడ్డాం. లోపల కూర్చున్నాయన మా తెనాలి వైపు మనిషే, మాట మర్యాదగానే ఉంది. ఫ్రేము చూసి, నా బొమ్మ చూసి, మళ్లీ ఫ్రేము చూశాడు.

"ఈయనెవరండీ?"

"నా పెనిమిటి సారూ. పదేండ్లు గాదు, పద్దెనిమిదేండ్ల సంది ఆడనే ఉన్నం."

"పెద్ద బంగళా ఉందిగదమ్మా ఈయనకి. ఫౌంటెన్ కూడా ఉంది. మళ్లీ స్థలం ఎందుకు?" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. టీచరమ్మ ముందుకు వెళ్లి అంతా చెప్పారు, పలక గురించి, బడి గురించి. ఆయన విన్నాడు. "మేడమ్ గారూ, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఇది బొమ్మ. ఇంకో బొమ్మ గీసి ఇది చార్మినార్ దగ్గరంటే నేనేం చెయ్యనండీ?" అన్నాడు. బొమ్మను ఫైలుకు కుట్టేసుకున్నాడు. ఫ్రేము మాత్రం ఎల్లమ్మకు తిరిగి ఇచ్చాడు.

గుడిసెలు తీసింది మంగళవారం పొద్దున. నేను వెళ్లలేదు. నా ముఖం చూపించే ధైర్యం లేక వెళ్లలేదు. టీచరమ్మ వెళ్లారట. గుండ్లను పేల్చింది మాత్రం మా గదిలోంచే విన్నాను. మూడు చప్పుళ్లు. నలభై ఇళ్లవాళ్లూ తలో దిక్కుకు పోయారు. కొందరు నానక్‌రామ్‌గూడ దాటి రాళ్లల్లోకి పోతే, కొన్నాళ్లకు అక్కణ్నుంచీ లేపారు. ఎల్లమ్మ ఆ రోడ్డు పక్కనే లేచిన భవనానికి కంకర మోసింది. రోడ్డు మీద కనబడితే నేనే పక్కకు తప్పుకునేదాన్ని.

టీచరమ్మ నన్ను రావద్దని ఎన్నడూ అనలేదు. వెళితే కుర్చీ వేసేవారు, చాయ్ ఇచ్చేవారు. కానీ ట్రంకు పెట్టె మళ్లీ తెరవలేదు. ఒకసారి నేనే తెగించి, "ఆదివారం వెళ్దామా టీచర్, అయ్యప్ప సొసైటీ వైపు పాత ఇళ్లున్నాయట" అన్నాను. "ఏం జేస్తం బిడ్డా, అన్ని ఏరిపెట్టి? కావాల్సిన్నాడు ఒక్కటి పనికొచ్చిందా?" అన్నారు. ఆ మాటలో నా మీద కోపం లేదు. నలభై ఏళ్లు ఏరిన మనిషి నమ్మకం పోయింది, అది నా చేతి మీదుగా పోయింది. నన్ను క్షమించారా అని అడగాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. క్షమించానంటారని తెలుసు. అందుకే అడగలేదు.

ఇంకో రెండేళ్లకు దవాఖానలో పోయారు. నేను వెళ్లేసరికి ఇల్లు కడుగుతున్నారు. ట్రంకు పెట్టె ఖాళీగా బయట ఎండలో ఉంది. కాగితాలేవీ అని అడిగితే, "చెదలు వట్టినయి, పాత పేపర్లాయనకు ఏసినం" అన్నాడు ఆవిడ అన్నకొడుకు. పాపం, అతనికేం తెలుసు. వెనక పెన్సిలుతో రాసినవి అతను చదివి కూడా ఉండడు.

ఆ తర్వాత నేను టచింగు పని మానేశాను. ఇప్పుడెవరైనా ఫోటో చూపిస్తే, అది ఫోనులోదైనా సరే, నా కళ్లు ముందు అంచుల మీదికి పోతాయి. ఎక్కడ నిలబడ్డారు అని అడుగుతాను. ఇంట్లోవాళ్లకు నవ్వు. ఎప్పుడైనా రాయదుర్గం మెట్రో ఎక్కితే, ఆ రోడ్డు మీదుగా పోతున్నంతసేపూ నా వేలు ఒళ్లో చేతిసంచి మీద గీస్తూనే ఉంటుంది. పై గుండు ఎడమకు కొంచెం ఒరిగి ఉంటుంది. కింది గుండుకు అడ్డంగా ఒక పగులు. తలుపు తూర్పుకు. తాటాకు కప్పు మీద సైకిల్ టైరు. గుమ్మం పక్కన కోళ్లగంప. పలక మీద "జోడుగుండ్ల బడి", బడి అన్న మాట కొంచెం కిందికి జారి ఉంటుంది. కళ్లు మూసుకుని అంతా గీయగలను. బ్లేడు నడిపినప్పుడు కన్ను అంచు మీదే ఉంటుంది కదా, అందుకే పారేసినదంతా నాలో మిగిలిపోయింది.

సాయన్న ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు. మూడు రోజులు కూర్చుని దిద్దింది ఆ ముఖాన్నే.